ముందే రాసిన తీర్మానం

కడప వైపు ఒక చిన్న ఊరి మున్సిపల్ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు తీర్మానాలు రాశాను. నీళ్ల ట్యాంకు మరమ్మతు తీర్మానం, వీధి దీపాల తీర్మానం, పోయిన కౌన్సిలరుగారికి సంతాప తీర్మానం, ఆయన పేరు వీధికి పెట్టే తీర్మానం, అన్నీ నా చేతి మీదుగానే వెళ్లాయి. రిటైరయ్యాక ఇక ఆ గొడవ లేదనుకున్నాను. అలాంటిది, అరవై రెండో ఏట నేను రాసిన ఒక తీర్మానం రేపల్లెలో ఒక హైస్కూలు హాల్లో నన్ను లేచి నిలబడేలా చేసింది. సిగ్గుపడ్డాను, నిజమే. అయినా ఆ నాలుగు రోజులు గుర్తొస్తే సిగ్గు కంటే ముందు కృతజ్ఞతే వస్తుంది. ఆ వైపు ఎప్పుడూ వెళ్లనివాళ్లకు అక్కడి మనుషుల గురించి చెప్పాలనిపించి రాస్తున్నాను.

నన్ను పిలిచింది షంషాద్. మా పక్కింటి నూర్జహాన్‌కి చెల్లెలు, తెనాలిలో సోషల్ టీచరు. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు కొన్ని బళ్లు కలిసి పిల్లలచేత ఐక్యరాజ్యసమితి సమావేశం ఆడిస్తున్నాయట. ఇద్దరు పిల్లలు కలిసి ఒక దేశం. ఒక సమస్య ఇస్తారు. దేశాలన్నీ వాదించుకుని, బతిమాలుకుని, బేరమాడుకుని చివరికి ఒక తీర్మానం రాసి ఓటుకు పెట్టాలి. పెద్ద ఊళ్లలో ఇంగ్లీషు బళ్లు ఎప్పటినుంచో చేస్తున్న పనే, వీళ్లు తెలుగులో మొదలుపెట్టారు. "మాట్లాడమంటే బాగానే మాట్లాడుతున్నారక్కా, రాయమంటేనే చేతులు ఆడట్లేదు. నువ్వు జీవితమంతా చేసిన పని ఇదే కదా, ఒక్కసారి రా" అంది ఫోన్లో. జీవితమంతా చేసిన పనిని ఒకరు పనిగా గుర్తించడం అదే మొదటిసారి. రెండో మాట లేకుండా బయల్దేరాను.

తెనాలి: అర్జీ పెట్టుకున్న బ్రెజిల్

పొద్దున్నే దిగాను. ఊరి మధ్యలోంచి కాలువలు పారుతుంటే వంతెన మీద సంచీ పట్టుకుని నిలబడిపోయాను. మా ఊళ్లో నీళ్లు చూడాలంటే ట్యాంకరు రావాలి. ఇక్కడ ఇన్ని నీళ్లు ఎవరూ తలతిప్పి చూడకుండా పోతున్నాయి. టీ కొట్టతను ఎవరింటికని అడిగి, చెప్పగానే కొట్టు పక్కవాళ్లకి అప్పగించి నా సంచీ తీసుకుని షంషాద్ ఇంటిదాకా వచ్చాడు. పది రూపాయల టీ తాగినందుకు ఇంత మర్యాద మా వైపు దొరకదని చెప్పాలి. మా వాళ్లకు ప్రేమ లేదని కాదు, మేము దారి చెప్పి వదిలేస్తాం.

ఆ ఊళ్లో 'అండి' లేకుండా మాట పూర్తి కాదు. షంషాద్ అత్తగారు ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ, నా వైపు తిరగ్గానే "కూర్చోండి, తినండి, ఇంకో ఇడ్లీ వేసుకోండి" అని తెలుగులోకి మారిపోయేవారు. గుమ్మంలో పిల్లిని కూడా మీరు అంటారేమోనని చూశాను, అనలేదు. అల్లం పచ్చడిలో బెల్లం తగిలింది. ఎర్రకారం పూసిన దోశ తిని పెరిగిన నాలుకకి మొదట అయోమయంగా ఉంది కానీ, రెండో రోజు నేనే అడిగి వేయించుకున్నాను.

బడిలో పిల్లలు రాసి ఉంచిన తీర్మానాలు నా ముందు పెట్టారు. విషయం, సముద్రాల్లో చేపలు తగ్గిపోవడం. గుడ్లు పెట్టే నెలల్లో వేట ఆపాలా వద్దా అన్నది చర్చ. బ్రెజిల్ దేశం ఇలా మొదలుపెట్టింది: "గౌరవనీయులైన ప్రపంచ దేశాల పెద్దలకు నమస్కరించి వ్రాయునది ఏమనగా, మా యందు దయ తలచి చేపలు పట్టుట రెండు నెలలు ఆపవలసినదిగా ప్రార్థన." కింద "ఇట్లు, తమ విధేయురాలు, బ్రెజిల్". పిల్లల తప్పేముంది, బడిలో మనం నేర్పేది సెలవు చీటీ ఒక్కటే. నవ్వు ఆపుకుని, దేశం ఎవరికీ అర్జీ పెట్టుకోదని చెప్పాను. మొదటి సగంలో ఎందుకో చెప్పాలి: ఫలానాది గుర్తిస్తూ, ఫలానా దానికి బాధపడుతూ. రెండో సగంలో ఏం చేయాలో అంకెలు వేసి చెప్పాలి. మొత్తం ఒకటే వాక్యం, శుభలేఖలో ఫలానా వారి మనవరాలు అని మొదలై విచ్చేయ ప్రార్థన దాకా ఒకే ఊపిరిలో పోతుందే, అలాగ. శుభలేఖ అనగానే అందరికీ పట్టుబడింది.

జపాన్‌గా ఉన్న కిరణ్ అనే పిల్లాడు దుగ్గిరాల నుంచి రోజూ వచ్చి చదువుకుంటాడు. వాళ్ల నాన్న పసుపు యార్డులో పని చేస్తాడు. నియమాల పుస్తకం ఆ పిల్లాడికి కంఠతా వచ్చు. ఆ పుస్తకంలోంచే షంషాద్ ఒక నియమం అందరికీ గట్టిగా చదివి వినిపించింది. ఎవరూ ముందే రాసిన కాగితం తేకూడదు. ఎదుటి దేశాల మాట విన్నాకే, ఆ హాల్లోనే తీర్మానం పుట్టాలి. తెచ్చారని తేలితే కాగితం చెల్లదు, ఆ జంట విశాఖపట్నం పోటీలోంచి తప్పుకోవాలి. గెలిచిన ఒక్క జంటనే విశాఖలో జరిగే పెద్ద సమావేశానికి పంపుతారు.

ఆ నియమం విని లోలోపల నవ్వుకున్నాను. మా ఆఫీసులో తీర్మానం మీటింగుకి రెండు రోజుల ముందే పుట్టేది. సభ్యులు బజ్జీలు తినేలోగా సంతకాలు కూడా అయిపోయేవి.

బాపట్ల: నా చేతి దురద

మర్నాడు బాపట్ల. రైల్లో కిటికీ పక్క సీటు ఇచ్చిన పెద్దాయన నాకు పొలాలన్నీ పేరుపేరునా చూపించాడు, ఆ పచ్చదనమంతా ఆయన సొంతమేమోనన్నట్టు. దిగేటప్పుడు అడిగితే ఆయనకి సెంటు భూమి లేదట, కౌలు చేయడం కూడా మానేశాడట. అయినా అంత ప్రేమగా చూపించాడు.

బాపట్ల బళ్లో చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు చేరారు. అక్కడి టీచరు కూడా ముందుగా ఆ నియమమే చదివి వినిపించారు. వాళ్లలో భవాని అని తొమ్మిదో తరగతి పిల్ల, నిజాంపట్నం పక్కన ఒక పేట నుంచి బస్సులో వచ్చింది. ఆమె మాల్దీవులు. జంటగా ఉండాల్సిన అమ్మాయికి జ్వరం రావడంతో ఒక్కతే దేశాన్ని మోస్తోంది. లేచి మాట్లాడితే హాలంతా సర్దుకుని వినేది. చుట్టూ నీళ్లే ఉన్న దేశానికి చేప తప్ప ఇంకేం దిక్కని ఆ పిల్ల అడిగితే, అమెరికాగా ఉన్న పిల్ల జవాబు మరిచిపోయింది. కాగితం మీదికి వచ్చేసరికి మాత్రం పెన్ను కదల్లేదు. గంటకి రెండు పంక్తులు, వాటిలో ఒకటి కొట్టేసింది.

క్లాసయ్యాక బస్సు వచ్చేదాకా వరండాలో కూర్చున్నాం. విశాఖపట్నం వెళ్లాలని ఎంత ఉందో అడక్కుండానే చెప్పింది. వాళ్ల నాన్న బోటులో పనికి వెళ్లి రెండుసార్లు ఆ ఊరి కొండల్ని సముద్రం మీద నుంచి చూశాడట. తను రైల్లో వెళ్లి నేల మీద నుంచి చూసి, ఏ వైపు నుంచి బాగుంటుందో ఆయనతో వాదించాలట. ఆ మాట వినగానే నా గుండె కరిగిపోయింది. చెయ్యి కూడా దురద పెట్టింది. సంచీలోంచి కాగితం తీసి అరగంటలో మాల్దీవుల తరఫున పూర్తి తీర్మానం రాసి చేతిలో పెట్టాను. భవాని కాగితాన్ని చూసి, నన్ను చూసి, "టీచరుగారు ముందే రాసింది వద్దన్నారు కదండి" అంది.

మోడల్ అనుకోమన్నాను. ఇంత వయసుదాన్ని చెబుతున్నాను, ఏమీ కాదు, ఉంచుకోమన్నాను. ఆ పిల్ల ఇంకేం అంటుంది. మడిచి పుస్తకంలో పెట్టుకుంది.

ఆ సాయంత్రం సూర్యలంక ఒడ్డుకి తీసుకెళ్లారు. అల నా కుడి చెప్పుని ఎత్తుకుపోతే, మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మే ఆవిడ కుంపటి వదిలి పరుగెత్తి పట్టుకొచ్చింది. కంకి ఇరవై రూపాయలు. చెప్పు తెచ్చినందుకు ఇంకో పది ఇవ్వబోతే కోప్పడింది.

నిజాంపట్నం: ముందు ఎవరు మాట్లాడాలి

మూడో రోజు రేపల్లె వెళ్తూ దారిలో నిజాంపట్నంలో దిగాను. మా వైపు చేపంటే చెరువు చేప, అదీ ఆదివారం. ఇక్కడ రేవులో చేప గుట్టలుగా పడి ఉంది. వేలం పాడే మనిషి ఏం అంటున్నాడో ఒక్క ముక్క అర్థం కాలేదు. తెలుగే అని పక్కనున్నవాళ్లు ఒట్టేసి చెప్పారు. బాగా చూద్దామని ఇంకాస్త ముందుకెళ్లి, కరిగిన ఐసు నీళ్లలో జారి కూర్చుండిపోయాను. చీరంతా చేపల నీళ్లు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వలేదు, లేపాక నవ్వారు. వాళ్లలో ఒకావిడ నా యాస విని, "మా అమ్మాయికి పాఠం చెప్పిన మేడం గారు మీరేనాండి" అంది. ఆవిడ భవాని వాళ్లమ్మ నాంచారమ్మ. చేపలు ఎండబెట్టే దిబ్బ మీద పని చేస్తుంది.

ఇంటికి తీసుకెళ్లి నీళ్లు తోడి, తన చీర ఇచ్చింది. వేడన్నం, చింతపండు పోసి పెట్టిన చేపల పులుసు వడ్డించింది. మూడుసార్లు వడ్డించుకుని తిన్నాను. సంగటి ముద్దతో ఈ పులుసు ఎలా ఉంటుందోనని అంటే, ముద్ద ఎలా చేస్తారో చెప్పించుకుని, ఈసారి వస్తే రాగిపిండి తెమ్మంది. ఆ పూట ఆ ఇంట్లో నాకు దొరికిన ఆదరణ చాలామంది చుట్టాలిళ్లలో దొరకలేదు.

తింటూ ఆ మాటా ఈ మాటా మాట్లాడాం. ఏటా వేసవిలో రెండు నెలలు బోట్లు ఆపేస్తారు. ఆపడం మంచిదే, చేప పెరగాలి కదా, మరి పొయ్యి మాత్రం ఆగదు కదా అంది. వాళ్ల పేటలో ఏదైనా కట్టుబాటు పెట్టుకోవాల్సి వస్తే ఒక పద్ధతి ఉందట. అందరూ వలల షెడ్డు దగ్గర కూర్చుంటారు. ఆ కట్టుబాటు వల్ల ఎవరికి ఎక్కువ నష్టమో వాళ్లు ముందు మాట్లాడాలి. వాళ్లు ముగించేదాకా పెద్దలైనా నోరు విప్పకూడదు. ఆ తర్వాతే మిగతావాళ్లు. వృత్తి ధర్మం కొద్దీ, అదంతా రాసుకుంటారా అని అడిగాను.

"రాస్తే మర్చిపోతామండి" అంది నాంచారమ్మ. "అందరి ముందూ అంటే ఒకళ్లు మర్చిపోయినా ఇంకోళ్లు మర్చిపోనివ్వరు."

అప్పుడే బడి నుంచి వచ్చిన భవాని, నేనిచ్చిన కాగితం నలగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టానని చూపించింది. ఆ క్షణంలో నాకు కలిగింది గర్వమే, దాచుకోను. నాంచారమ్మ చీరతోనే రేపల్లె బస్సెక్కాను.

రేపల్లె: ఎక్కడిదమ్మా ఏకగ్రీవం

తెనాలి నుంచి వచ్చే రైలు రేపల్లెతో ఆగిపోతుంది, ఆపైన పట్టాలు లేవు. రైసు మిల్లుల వీధిలో ఊక వాసన పీలుస్తూ బడికి నడిచాను. హాల్లో బల్లల మీద దేశాల పేర్లు అట్టల మీద రాసి నిలబెట్టారు. అధ్యక్షుడు సాంబశివరావుగారు, రిటైరైన హెడ్‌మాస్టరు, మెత్తటి మనిషి. నన్ను వెనక వరసలో మర్యాదగా కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నాంచారమ్మ కూడా పని మానుకుని వచ్చి నా పక్కనే కూర్చుంది.

పొద్దుటి వాదనల్లో భవాని ముందుంది. ఆ విషయం నా ఒక్కదానికే కాదు, హాలందరికీ తెలుస్తోంది. తర్వాత తీర్మానాలు రాయడానికి రెండు గంటలు ఇచ్చారు. మిగతా పిల్లలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి తిరుగుతున్నారు. భవాని తన చోటు నుంచి కదలకుండా ప్లాస్టిక్ కవరు తీసి, అందులో కాగితాన్ని చూసి కొత్త కాగితం మీదకి ఎక్కిస్తోంది. కిరణ్ అటుగా వెళ్తూ చూశాడు. నియమాలు కంఠతా వచ్చిన పిల్లాడు, ఊరుకోలేడు. చెయ్యెత్తి, మాల్దీవులు ముందే రాసిన కాగితం తెచ్చిందని అభ్యంతరం చెప్పాడు.

సాంబశివరావుగారు ఆ కాగితం తెప్పించుకుని కళ్లజోడు సవరించుకున్నారు. ఒక వాక్యం పైకి చదివారు: "పై విషయమై కూలంకషంగా చర్చించి, తగు చర్యలు గైకొనవలసిందిగా ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." తల ఎత్తి, "ఇంకా ఓటింగే జరగలేదు. ఏకగ్రీవం ఎక్కడిదమ్మా?" అన్నారు. హాలంతా గొల్లుమంది. ముప్పై ఒక్క ఏళ్లుగా నా పెన్ను దానంతటదే రాసేసే వాక్యం అది. అందులో చేప మాటే లేదు.

ఎవరు రాసిచ్చారని ఆయన అడిగారు. భవాని నేల చూసింది. రెండోసారి అడిగినా తల ఎత్తలేదు. నేను వెంటనే లేచానని రాసుకుంటే బాగుండేది. లేవలేదు. సంచీలో లేని వస్తువేదో వెతికాను. ఆ ఇంటి అన్నం తిన్నాను, ఆ ఇంటి చీర కట్టుకుని తిరిగాను, వాళ్లమ్మ నా పక్కనే కూర్చుని కూతురి వైపు కంగారుగా చూస్తోంది. అయినా ఆ పిల్ల నా పేరు చెప్పదులే అన్న ధైర్యంతో ఒక నిమిషం పైగా అలా కూర్చున్నాను. తర్వాత ఇక కూర్చోవడం నా వల్ల కాలేదు.

"నేను రాశానండి" అన్నాను లేచి. "ఆ పిల్ల వద్దనే అంది. నేనే పెద్దరికం చేసి చేతిలో పెట్టాను."

షంషాద్ కళ్లు మూసుకుంది. సాంబశివరావుగారు నన్ను కూర్చోమని, నియమాల పుస్తకం తెరిచి తీర్పు చెప్పారు. కాగితం చెల్లదు. విశాఖపట్నం పోటీలో మాల్దీవులు లేదు. అయితే దేశం దేశమే, చర్చలో ఉండొచ్చు, కొత్తగా రాయొచ్చు. శిక్ష నాకు వేయమని తర్వాత వరండాలో బతిమాలాను. మీకు వేయడానికి పుస్తకంలో ఏమీ లేదండి అన్నారు, నొప్పించకుండా.

భవాని బయటికి వెళ్లి కొళాయి దగ్గర మొహం కడుక్కుంది. ఇక ఇంటికి వెళ్లిపోతుందనుకున్నాను. లోపలికి వచ్చింది. తన బల్ల దగ్గరికి కాకుండా నేరుగా జపాన్ బల్ల దగ్గరికి వెళ్లి కిరణ్ ఎదురుగా కూర్చుంది.

"వేట ఆపితే అందరికంటే ఎక్కువ పోయేది మీకే కదా. ఏం పోతుందో ముందు నువ్వు చెప్పు" అంది.

కిరణ్ పెన్ను కింద పెట్టాడు. తన మీద విరుచుకుపడుతుందని సిద్ధంగా ఉన్నట్టున్నాడు. నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. ఓడల్లో పనివాళ్లకి కూలి ఉండదు, ఐసు ఫ్యాక్టరీలు మూతపడతాయి, చేపని నమ్ముకున్న బజారు పడిపోతుంది. యార్డులో సరుకు రాని రోజున తన ఇల్లు ఎలా ఉంటుందో కూడా చెప్పాడు, జపాన్‌కి సంబంధం లేకపోయినా. భవాని అడ్డు రాలేదు. విన్నదంతా రాసుకుంది. తర్వాత ఎక్కువ నష్టపోయే ఇంకో దేశం దగ్గరికి వెళ్లింది. మధ్యాహ్నం పులిహోర పొట్లాలు వచ్చేసరికి సగం దేశాలు ఆ పిల్ల చుట్టూ నేల మీద కూర్చుని ఉన్నాయి. కొట్టివేతలతో నిండిన తన కొత్త కాగితం మీద ఇప్పుడు పంక్తి వెనక పంక్తి పడుతోంది.

చివర్లో లేచి చదివింది. మూడో అంశం నాకు ఇప్పటికీ కంఠతా ఉంది: "వేట ఆపమన్న దేశాలు, ఆపినవాళ్ల ఇళ్లలో పొయ్యి వెలిగే ఏర్పాటు ముందు చేసి, ఆ తర్వాతే ఆపే తేదీ చెప్పాలని నిర్ణయిస్తోంది." పక్కన నాంచారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చేతులు లేచాయి. రెండు దేశాలు తప్ప అన్నీ ఒప్పుకున్నాయి, జపాన్‌తో సహా. ఆ రోజు నెగ్గిన తీర్మానం అదొక్కటే.

విశాఖపట్నం వెళ్లేది మాత్రం కిరణ్ జంట. ఆ పేరు చదివినప్పుడు భవాని అందరితోపాటు చప్పట్లు కొట్టింది. ఆ చేతుల వైపు చూడలేక తల తిప్పుకున్నాను.

రేపల్లె స్టేషన్‌లో

సాయంత్రం రైలుకి నన్ను ఎక్కించడానికి షంషాద్, భవాని, నాంచారమ్మ వచ్చారు. నాంచారమ్మ జరిగినదాని గురించి ఒక్క మాట అనలేదు, పులిహోర తిన్నారా లేదా అని మాత్రం అడిగింది. ఎండు చేపల పొట్లం నా సంచీలో సర్దింది. నాలుగు తిట్లు తిడితే తేలిగ్గా ఉండేది. భవానిని బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకుని, నీకు అన్యాయం చేశాను, క్షమించమ్మా అన్నాను. పరవాలేదండి అంటుందనుకున్నాను. ఆ వైపు మనుషులు అంత తేలిగ్గా అనే మాట అది.

అనలేదు. "నాకు వెళ్లాలని చాలా ఉందండి" అంది. "మీ మీద కోపం కూడా వచ్చిందండి. ఇప్పుడు కొంచెం తగ్గింది."

ఉండాల్సిందేనమ్మా అన్నాను. నిజం చెప్పినందుకు ఆ పిల్లకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. ఆఫీసులో అంతమంది పెద్దల మధ్య అన్నేళ్లు పని చేశాను. ఒక్కరూ నా మొహం మీద ఇంత శుభ్రంగా చెప్పలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. నీకోసం ఏం చేయమంటావో చెప్పు, చేస్తాను అన్నాను. విశాఖకి టికెట్టు కొనిస్తానని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

రైలు కూత వేసింది, షంషాద్ నా సంచీ పెట్టెలో పెట్టింది. నేను మెట్టెక్కి తలుపు దగ్గర నిలబడ్డాక కింది నుంచి భవాని చెప్పింది.

"వచ్చే ఏడు కూడా రండి. నా పక్కన కూర్చోండి, నేను రాసేదాకా. పెన్ను మాత్రం తెచ్చుకోకండి."

తెచ్చుకోనన్నాను.

"ఇలా కాదండి" అంది భవాని, రైలుతోపాటు నడుస్తూ. "అందరికీ వినపడేలా అనండి."

ప్లాట్‌ఫాం మీద జనం చూస్తుండగా, వాళ్లమ్మ వింటుండగా, గట్టిగా అన్నాను.